తమ్ముడి ఎత్తు ఆపరేషన్: ఆపడం తప్పా?

అక్కా, పొట్టిగా ఉన్నాడని సంబంధాలు తప్పిపోతున్నాయి, అందుకే తమ్ముడు ఇక్కడ బెంగళూరులో కాళ్లు పొడిగించే ఆపరేషన్ చేయించుకుంటానంటున్నాడని రాశారు.

ఒళ్లు అతనిది. ముప్పై ఏళ్లవాణ్ణి ఆపే హక్కు మనకు లేదు. కానీ అన్నీ తెలిసే సరేనంటున్నాడా అన్నది మీరు చూడాలి. ఎముకను కోసి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. 5 సెంటీమీటర్లకు 50 రోజులు సాగదీయడమే, ఆ సందులో కొత్త ఎముక గట్టిపడటానికి ఇంకా నెలలు. ఇన్ఫెక్షన్ రావచ్చు, నరం దెబ్బతినవచ్చు, కీళ్లు బిగుసుకోవచ్చు. 1950ల్లో సోవియట్ డాక్టర్ ఇలిజారోవ్ ఈ పద్ధతికి దారి వేసింది విరిగి అతకని ఎముకల కోసం.

బైక్ ప్రమాదంలో నా కాలికి రాడ్ వేశారు. మారతహళ్లిలో లిఫ్ట్ లేని పీజీ, రెండో అంతస్తు. మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కేవాణ్ణి. నాకైతే తప్పలేదు. బాగున్న కాలికి ఆ బాధ ఎందుకని నా మనసు ఒప్పుకోదు.

ఒక్కటి అడగండి: "రేపే పెళ్లి కుదిరితే, అప్పుడూ చేయించుకుంటావా?" అవునంటే ఇంకో సర్జన్‌నీ కలవండి, నెలల తరబడి తోడెవరుంటారో ముందే తేల్చుకోండి. కాదంటే డేట్ తీసుకోవద్దనండి. ఆపరేషన్ ఖర్చుకని మీ నాన్నగారు పొలం బేరం పెట్టకముందే ఈ మాట అయిపోవాలి.