గోల్స్ కొట్టనివాడికి అంత పేరేంటి?

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మనిషి బాగా పీలగా ఉంటాడు. ఈ ఒంటితో మిడ్‌ఫీల్డ్‌లో (మైదానం మధ్యలో) నిలబడలేవని కోచ్ పక్కన కూర్చోబెడుతున్నాడట. వీడేమో పొద్దస్తమానం మోడ్రిచ్, మోడ్రిచ్ అంటాడు. ఎవరండీ ఆయన?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీవాడు సరైన పేరే పట్టుకున్నాడమ్మా. లూకా మోడ్రిచ్ యూరప్‌లోని క్రొయేషియాకు చెందిన మిడ్‌ఫీల్డర్, 1985లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు యుద్ధం వచ్చింది, 1991 డిసెంబర్‌లో సెర్బు దళాలు వాళ్ల తాతను చంపేశాయి, ఆ తాత పేరే ఈయనకు పెట్టారు. ఇల్లు వదిలేసి జాదర్ పట్టణంలో హోటల్ గదుల్లో శరణార్థులుగా ఏళ్ల తరబడి బతికారు. నాన్న సైన్యంలో ఉంటే పిల్లాడు హోటల్ పార్కింగ్‌లో బంతి తన్నుకుంటూ పెరిగాడు. ఇక మీకు కావలసిన ముక్క: హైదుక్ స్ప్లిట్ అనే పెద్ద క్లబ్ ఆ పిల్లాణ్ణి చూసి, మరీ బక్కగా ఉన్నాడని తిప్పి పంపేసింది!

తర్వాత డైనమో జాగ్రెబ్ తీసుకుంది, తీసుకుని బోస్నియాలోని జ్రిన్‌స్కీ క్లబ్‌కు ఒక సీజన్ అరువిచ్చింది. అక్కడ ఆట మహా మొరటు. బోస్నియాలో ఆడగలిగితే ఎక్కడైనా ఆడొచ్చని తర్వాత ఆయనే అన్నాడు. 2008లో ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్, 2012లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్. మాడ్రిడ్‌లో నాలుగు నెలలు గడిచాయో లేదో, ఆ సీజన్‌కి చెత్త కొనుగోలు ఈయనేనని అక్కడి క్రీడా పత్రిక మార్కా పాఠకులు ఓట్లేశారు (పాఠకుల మాట కదా, నేనేమీ అనను). అదే క్లబ్‌లో 13 సీజన్లు ఆడి, 6 చాంపియన్స్ లీగ్‌లతో (యూరప్ క్లబ్‌లకు అన్నిటికంటే పెద్ద టోర్నీ) కలిపి 28 ట్రోఫీలు గెలిచి, 2025లో ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌కు వెళ్లాడు.

మీవాడూ అంతవాడవుతాడని నేను చెప్పలేను. కానీ బరువు సంగతి వదిలేసి కోచ్‌ని ఒక్కటి అడగండి, బంతి కాలికి చేరకముందే ఎవరెక్కడున్నారో తెలుసుకోవడానికి మావాడు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా అని. చూస్తుంటే మాత్రం బెంచీ మీద కూర్చోబెట్టడం దండగ.

ప్రశ్న: 2018 వరల్డ్ కప్‌లో మోడ్రిచ్ కొట్టింది రెండే గోల్స్. మెస్సీ, రొనాల్డోలను కాదని ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఈయనకెందుకిచ్చారు?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: గోల్స్ లెక్కేస్తే ఎప్పటికీ అర్థం కాదు తమ్ముడూ. హైదరాబాద్ కంటే తక్కువ జనాభా ఉన్న దేశం, నాకౌట్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు అదనపు సమయం దాకా ఆడి ఫైనల్‌కు చేరింది, ఆ మూడింట్లోనూ బంతి ఎటు పోవాలో తేల్చింది ఎక్కువగా ఈయనే. టోర్నీలో ఉత్తమ ఆటగాడూ ఆయనే. దానికి ముందు మేలో మాడ్రిడ్‌తో చాంపియన్స్ లీగ్ కూడా గెలిచాడు.

అనుమానం తీరకపోతే 2022 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీతో జరిగిన చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్ చూడు (రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కేస్తారు). మాడ్రిడ్ ఇంటికెళ్లిపోయే పరిస్థితి, ఇంకో పది నిమిషాలే ఉంది. 36 ఏళ్ల మోడ్రిచ్ కుడి పాదం బయటి అంచుతో బంతిని వంపు తిప్పి, డిఫెండర్ల తలల మీదుగా సరిగ్గా సహచరుడు రోడ్రిగో కాలి ముందు వేశాడు, అతను గోల్ కొట్టేశాడు. లెక్కలు సమం. అదనపు సమయంలో బెంజెమా గోల్‌తో మాడ్రిడ్ గట్టెక్కింది. అయితే హైలైట్స్ చూసి సరిపెట్టుకోకు, మొత్తం మ్యాచ్ చూడు. మిడ్‌ఫీల్డర్ చేసే పనిలో ముప్పాతిక హైలైట్స్‌లో కత్తిరించేస్తారు.