ముదురు ఎరుపు హైలైట్లు గులాబీ రంగుకి తిరుగుతుంటే

వర్డ్ బేరర్స్ (వార్‌హ్యామర్ ఆటలో ముదురు ఎరుపు కవచాల సైన్యం) చిన్న బొమ్మలకు నల్ల ప్రైమర్, అంటే తొలిపూత, మీద ఎరుపు మచ్చలు మచ్చలుగా పడుతోందని, హైలైట్లు, అంటే అంచుల మీద వేసే లేత రంగు, గులాబీకి తిరుగుతున్నాయని రాశారు కదండీ. రెండూ వేర్వేరు సమస్యలు.

గులాబీకి కారణం మీరు కలుపుతున్న తెలుపే. కొంచెం పడినా చాలు, ఎరుపు అటు తిరిగిపోతుంది. దాని బదులు నారింజ వైపు వెళ్లండి. నేను చెప్పేవన్నీ సిటడెల్ కంపెనీ రంగుల పేర్లు. బేస్ పూతకి ఖోర్న్ రెడ్, సందుల్లోకి కారోబర్గ్ క్రిమ్సన్ వాష్ (సందుల్లోకి జారి నీడలా నిలిచే పలచని రంగు). అది పూర్తిగా ఆరాక కవచం పలకల మధ్యలో మళ్లీ ఖోర్న్ రెడ్, అంచులకు వజ్దక్కా రెడ్. హెల్మెట్ మూలల్లో, భుజం కొసల్లో మాత్రం స్క్విగ్ ఆరెంజ్ చిన్న చుక్క. ఇక్కడే చెయ్యి ఆగదు! అంచులన్నిటికీ నారింజ గీస్తే ముదురు ఎరుపు కాస్తా మామూలు ఎరుపైపోతుంది.

ఇక మచ్చలు. ఎర్ర పిగ్మెంట్లలో చాలావాటికి కింది రంగును కప్పే శక్తి తక్కువ. అందుకే నలుపు మీద ముందు రైనాక్స్ హైడ్ లాంటి ముదురు గోధుమ రంగు ఒక పూత వేసి, ఆపైన పలచన చేసిన ఎరుపు రెండు పూతలు వేయండి. సగం ఆరిన చోట బ్రష్ పెట్టారంటే కింది పూత లేచొస్తుంది, అంత తొందర వద్దు.

నీడల కోసం ఎరుపులో నలుపు కలపడం నాకైతే నచ్చదు, రంగు చచ్చిపోతుంది. చుక్క ముదురు ఆకుపచ్చ కలిపి చూడండి. ఎరుపుకి అది ఎదురు రంగు కాబట్టి జీవం పోకుండానే ముదురుతుంది. వెండి పట్టీలు చివర్లో వేసుకోవచ్చు.