మాట మార్చిన నాయకుడు నిజమైన కన్సర్వేటివేనా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా బావగారికీ నాకూ ఫోన్‌లో ఎప్పుడూ ఇదే గొడవ. రిపబ్లికన్ నాయకుడు మిట్ రామ్నీ 1994లో అబార్షన్ హక్కు ఉండాలన్నారు, తర్వాత కూడదన్నారు. మసాచుసెట్స్ గవర్నరుగా ఉన్నప్పుడు అందరికీ ఆరోగ్య బీమా చట్టం తెచ్చారు, అలాంటిదే ఒబామా తెస్తే రద్దు చేస్తానన్నారు. "ఇలాంటి గోడ మీద పిల్లి కన్సర్వేటివ్ ఎలా అవుతాడు?" అంటారు బావగారు. "మనిషన్నాక అభిప్రాయం మార్చుకోడా?" అంటాను నేను. ఎవరిది సరైన మాట?
– ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: మాట మార్చినవాడు నిజమైన కన్సర్వేటివ్, అంటే ఉన్న వ్యవస్థను నిలబెట్టాలనుకునేవాడు, కాగలడు. అయినా మీ బావగారి మాటను కొట్టిపారేయకండి. "మనిషన్నాక మారడా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఎన్నికల ముందు ప్లేటు ఫిరాయించినవాడూ, పదవి పోతుందని తెలిసీ మాట మార్చుకున్నవాడూ ఒకటే అయిపోతారు. మార్పు వల్ల నష్టపోయింది ఎవరు, మారి అతను కాపాడింది దేన్ని? నేను చూసేవి ఈ రెండే.

డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా సర్ రాబర్ట్ పీల్ సంగతి చెప్పేవాణ్ణి. బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీకి ఒక రూపం ఇచ్చింది ఆయనే. రుజువైన లోపాలను సరిచేస్తాం, వ్యవస్థను మాత్రం నిలబెడతాం అని 1834లో టామ్‌వర్త్ ఓటర్లకు రాసి ఇచ్చాడు. అలాంటి మనిషి తన జీవితంలో రెండు పెద్ద విషయాల్లో పూర్తిగా మాట మార్చాడు.

మొదటిది క్యాథలిక్కుల హక్కులు. వాళ్లను పార్లమెంటులోకి రానివ్వకూడదని వాదించినవాళ్లలో పీల్ ముందు వరసలో ఉండేవాడు. 1828లో ఐర్లండ్‌లో డేనియల్ ఓకానెల్ ఉప ఎన్నికలో గెలిచాడు, కానీ క్యాథలిక్ కావడంతో సభలో కూర్చోలేని పరిస్థితి. ఇంకా బిగబడితే ఐర్లండ్‌లో తిరుగుబాటు తప్పదని పీల్‌కు అర్థమైంది. అప్పుడు ఆయన ఏం చేశాడో చూడండి. పాత అభిప్రాయం చూసి తనను గెలిపించిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ సీటుకు రాజీనామా చేసి, అదే ఓటర్ల ముందు మళ్లీ నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఇంకో నియోజకవర్గం నుంచి సభకు వచ్చి 1829లో క్యాథలిక్కులను పార్లమెంటులోకి రానిచ్చే చట్టం పాస్ చేయించాడు.

రెండోది ధాన్యం చట్టాలు. విదేశీ ధాన్యాన్ని అడ్డుకుని దేశంలో రేటు పడిపోకుండా చూసే ఈ చట్టాలు 1815 నుంచి ఉన్నాయి. భూస్వాములకు అవి ప్రాణం, ఆ భూస్వాములే పీల్ పార్టీకి ఆధారం. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంటకు తెగులు తగిలి ఆకలి మొదలైంది. అయితే అంతకుముందే ఆయన నమ్మకం సడలింది. ఆ మార్చిలో రిచర్డ్ కాబ్డెన్ ఈ చట్టాలను ఎండగడుతూ మాట్లాడుతుంటే, పీల్ రాసుకుంటున్న కాగితాన్ని నలిపేసి, "దీనికి మీరే జవాబు చెప్పాలి, నావల్ల కాదు" అని పక్కనున్న సహచరుడితో అన్నాడని చెప్పుకుంటారు. 1846 మేలో కామన్స్ సభలో చట్టాల రద్దు 327–229 ఓట్లతో నెగ్గింది. సొంత పార్టీ సభ్యుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. జూన్ 25న లార్డ్స్ సభ కూడా ఒప్పుకుంది. ఆ రాత్రే కామన్స్‌లో ఇంకో బిల్లు మీద పీల్‌ను ఓడించి దించేశారు. ఆయన మళ్లీ ప్రధాని కాలేదు. చీలిపోయిన పార్టీకి 1874 దాకా సొంత మెజారిటీ రాలేదు.

పీల్‌ను ద్రోహి అని దుమ్మెత్తిపోసినవాళ్లలో ఆయన పార్టీకే చెందిన డిజ్రేలీ ముఖ్యుడు. అదే డిజ్రేలీ 1852 కల్లా ధాన్యం సుంకాల ఊసే వదిలేశాడు. 1866లో లిబరల్స్ ఓటు హక్కును కొద్దిగా విస్తరించే బిల్లు తెస్తే దాన్ని ఓడించడంలో ముందున్నాడు. మరుసటి ఏడాది అంతకన్నా పెద్ద బిల్లు తానే పాస్ చేయించాడు, ఓటర్ల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఈ ఇద్దరిలో నిజమైన కన్సర్వేటివ్ ఎవరని క్లాసులో అడిగితే ఎక్కువమంది డిజ్రేలీ అనేవారు, పార్టీని గెలుపు బాట పట్టించాడు కాబట్టి. నా ఓటు పీల్‌కే. పార్లమెంటు భూస్వాముల కోసమే ఉందన్న అపవాదును ఆయన తుడిచేశాడు. 1848లో యూరప్ అంతటా తిరుగుబాట్లు లేచాయి, ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ సింహాసనం వదిలి ఇంగ్లండ్‌కే పారిపోయి వచ్చాడు. బ్రిటన్‌లో రాచరికమూ పార్లమెంటూ చెక్కుచెదరలేదు. రెండేళ్ల ముందు రొట్టె మీద సుంకం ఎత్తేయడం అందుకు ఒక ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ఒక చట్టాన్ని వదులుకుని ఆయన వ్యవస్థను కాపాడాడు.

మార్చుకునే వీలు లేని రాజ్యానికి తనను తాను కాపాడుకునే వీలూ ఉండదని ఎడ్మండ్ బర్క్ 1790లోనే రాశాడు. కన్సర్వేటివ్ ఆలోచనకు మూలపురుషుడు ఆయన, ఆయన్నీ మాట మార్చాడనే అన్నారు. అమెరికా వలసల పక్షాన మాట్లాడాడు, మన దేశంలో చేసిన అక్రమాలకు వారన్ హేస్టింగ్స్‌పై అభిశంసన నడిపాడు, ఫ్రెంచ్ విప్లవాన్ని మాత్రం తిట్టిపోశాడు. దాంతో చిరకాల మిత్రుడు ఫాక్స్‌తో సభలోనే తెగిపోయింది. కానీ తరతరాలుగా ఏర్పడిన హక్కుల్నీ పద్ధతుల్నీ అడ్డూ అదుపూ లేని అధికారం తొక్కేయడం మీదే ఆయన మూడుసార్లూ పోరాడాడు. పైగా కన్సర్వేటివ్ అనేవాడు పుస్తకంలోని సిద్ధాంతం కన్నా అనుభవాన్ని ఎక్కువ నమ్ముతాడు. అనుభవం కళ్లెదుట ఉన్నా "నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అనేవాడు ఆ దారికి దూరమైనట్టే.

ఇక రామ్నీ. అబార్షన్ విషయంలో మీ బావగారి అనుమానం న్యాయమైనదే. మానవ పిండాలను వాడే మూలకణాల పరిశోధనపై చర్చ జరుగుతుండగా తన మనసు మారిందని ఆయన చెప్పారు. 2005లో దాన్ని బహిరంగంగా రాశారు. అప్పటికే ఆయన చూపు అధ్యక్ష పదవి మీద ఉంది, మసాచుసెట్స్‌లో మళ్లీ పోటీ చేయలేదు. ఆ మార్పుతో ఆయనకు పోయిందేమీ లేదు, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీ ఓటర్లు మాత్రం దగ్గరయ్యారు. ఆ మార్పు నిజం కాదని నేననను, దాన్ని నమ్మడానికి ఆయన మాకు ఆధారం ఇవ్వలేదు.

ఆరోగ్య బీమా సంగతి వేరు. ప్రతి ఒక్కరూ బీమా కొనాల్సిందే అన్న ఆలోచనను 1989లో ముందుకు తెచ్చింది హెరిటేజ్ ఫౌండేషన్, అంటే కన్సర్వేటివుల సొంత సంస్థ. 2006లో రామ్నీ చేసింది అదే. ఆ తర్వాత కదిలింది పార్టీ. రాష్ట్రం చేయదగిన పని కేంద్రం చేయకూడదన్న ఆయన వాదన కొందరికి సాకులా వినిపించవచ్చు, కానీ అది అమెరికన్ కన్సర్వేటివుల పాత వాదనే.

చివరిగా 2020 ఫిబ్రవరి 5. ట్రంప్ అభిశంసన విచారణలో అధికార దుర్వినియోగం ఆరోపణపై దోషి అని ఓటేసిన ఒకే ఒక్క రిపబ్లికన్ రామ్నీ. సొంత పార్టీ అధ్యక్షుడిని దోషిగా తేల్చాలని ఓటేసిన సెనేటర్ అమెరికా చరిత్రలో అప్పటివరకు ఒక్కరూ లేరు. దేవుడి మీద ప్రమాణం చేశాను కాబట్టి తప్పదన్నారు. ఆ ఓటుతో పార్టీలో చాలామందికి ఆయన దూరమయ్యారు. 2005లో గాలివాటంగా కనిపించిన మనిషి అక్కడ బండరాయిలా నిలబడ్డారు. మీ బావగారు 2005 దగ్గరే ఆగిపోయారు, ఈసారి ఫోన్ చేసినప్పుడు 2020 గురించి అడగండి.

ప్రశ్న: రీగన్ గవర్నరుగా అబార్షన్‌ను సులభం చేసే చట్టంపై సంతకం పెట్టాడు, పన్నులు పెంచాడు. ట్రంప్ కూడా ఒకప్పుడు అబార్షన్ హక్కును సమర్థించినవారే. అయినా కన్సర్వేటివులు వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు. రామ్నీని మాత్రమే ఎందుకు తప్పుపట్టారు?
– డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి

జవాబు: రీగన్ రూజ్‌వెల్ట్‌కు నాలుగుసార్లు ఓటేసిన డెమోక్రాట్. 1962లో రిపబ్లికన్ పార్టీలోకి మారాడు. 1964లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ తరఫున టీవీలో చేసిన ప్రసంగంతో దేశానికి రాజకీయంగా పరిచయమయ్యాడు. ఆ ఎన్నికల్లో గోల్డ్‌వాటర్‌కు దక్కినవి ఆరు రాష్ట్రాలే. ఓడిపోతున్న పక్షాన నిలబడినవాడి మార్పును జనం నమ్ముతారు, నమ్మాలి కూడా. 1967 నాటి అబార్షన్ చట్టంపై సంతకం పెట్టినందుకు తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. అధ్యక్షుడిగా 1981లో పన్నులు బాగా తగ్గించి, 1982లో కొంత వెనక్కి పెంచాడు. ఆయన వచ్చేనాటికి 70 శాతం ఉన్న గరిష్ఠ ఆదాయపు పన్ను రేటు వెళ్లేనాటికి 28 శాతం. దారిలో వంపులున్నా, 1964లో చెప్పిన దిశ మారలేదు.

ట్రంప్ కథ ఇలా లేదు. 1999లో ఒక టీవీ ఇంటర్వ్యూలో అబార్షన్ హక్కుకు గట్టి మద్దతు చెప్పారు. 2016లో సుప్రీంకోర్టుకు ఎవరిని పంపుతారో పేర్ల జాబితా ముందే ఇచ్చి ఓట్లడిగారు. ముగ్గురు జడ్జీలను పంపారు, అబార్షన్ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును కోర్టు 2022లో కొట్టేసింది. మాట నిలబెట్టుకున్నారు, అది ఒప్పుకోవాలి. దీన్ని ఒక బేరంగా చూసి ఓటేసినవాళ్లను నేను తప్పుపట్టను. ఆ బేరాన్ని నమ్మకం అని పిలిస్తే మాత్రం ఒప్పుకోను. 2021 జనవరి 6న, ఎన్నికల ఫలితాన్ని అడ్డుకోమని ఆయన తన ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్‌పై ఒత్తిడి తెచ్చారు. పెన్స్ ఆ అధికారం తనకు లేదని చెప్పి, ఓట్ల లెక్కింపు పూర్తి చేశారు. ఆ రోజు ఆ ఇద్దరిలో కన్సర్వేటివ్ పెన్స్ ఒక్కరే. రామ్నీ విషయానికొస్తే, ఆయన మారినప్పుడు చేతిలో పెట్టడానికి రీగన్ లాంటి ఓడిన పోరాటమూ లేదు, ట్రంప్ లాంటి జాబితా కూడా లేదు. జనం అనుమానించడంలో వింతేమీ లేదు.

ప్రశ్న: అభిప్రాయం అలాగే ఉంచుకుని పార్టీ మారితే?
– ఒక పాఠకుడు

జవాబు: చర్చిల్‌ను చూడండి. 1900లో కన్సర్వేటివ్‌గా గెలిచాడు. 1903లో జోసెఫ్ ఛాంబర్లేన్ దిగుమతులపై సుంకాలు వేద్దామని బయల్దేరితే, స్వేచ్ఛా వాణిజ్యం వదులుకోలేనని 1904లో లిబరల్స్ వైపు వెళ్లి కూర్చున్నాడు. 1923లో సుంకాల మాటెత్తి ఓడిన కన్సర్వేటివులు 1924లో దాన్ని పక్కన పెట్టారు. ఆ ఎన్నికల తర్వాత చర్చిల్ వాళ్ల ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యాడు. కదిలింది పార్టీయే అనిపిస్తుంది. కానీ 1932లో అదే పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం దిగుమతి సుంకాలు తెచ్చినప్పుడు చర్చిల్ పార్టీలోనే ఉన్నాడు, సుంకాలకు ఒప్పుకున్నాడు కూడా. పైగా 1904లో పార్టీ మారిన మరుసటి ఏడాదే ఆయనకు లిబరల్ ప్రభుత్వంలో చిన్న మంత్రి పదవి దొరికింది. అందుకే స్వేచ్ఛా వాణిజ్యం ఆయన జీవితాంతం పట్టుకున్న సిద్ధాంతమని నేను ఒప్పుకోను.