ఆ రెండు రాత్రుల గురించి: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికా గాయని అరీతా ఫ్రాంక్లిన్ ఒక చర్చిలో రెండు రాత్రులు భక్తిగీతాలు పాడుతుండగా తీసిన ‘అమేజింగ్ గ్రేస్’ చిత్రం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సినిమా చూస్తూ ఏడ్చానని రాశావు. నేనూ ఏడ్చినవాణ్ణే కనుక ఆ మాట నమ్మాను. కానీ వ్యాసం చదువుతున్నప్పుడు మాత్రం నా కళ్ళు చెమ్మగిల్లలేదు. ‘గాన సరస్వతి’, ‘దివ్య గాత్రం’, ‘ఒళ్ళు గగుర్పొడిచింది’ అన్న మాటలు ఏ గాయనికైనా, ఏ కచేరీకైనా సరిపోతాయి. వాటిలో 1972 జనవరి 13, 14 తేదీల రాత్రులు లేవు, లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ పేట లేదు, ఆ చర్చి గోడ మీద క్రీస్తు బాప్తిస్మం పొందుతున్న బొమ్మ లేదు.

నీ వ్యాసం అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందమ్మా. ఆ రెండు రాత్రుల పాటలు 1972 జూన్‌లోనే రికార్డుగా వెలువడ్డాయి, ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి, జనం వాటిని దశాబ్దాల తరబడి విన్నారు. సినిమా తెర మీదికి వచ్చింది 2018 నవంబరులో. అంతకాలం చెవులతో విన్న పాటకు కొత్తగా కళ్ళు ఇచ్చినదేమిటి? దీనికి జవాబు వెతుక్కుంటూ రాస్తే ఆ విశేషణాలు వాటంతట అవే రాలిపోతాయి.

ముందు చోటు సంగతి చెప్పు. న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి ఒకప్పుడు సినిమా హాలు. అది ఉన్నది అప్పట్లో నల్లజాతి ప్రజల పేట. 1965 ఆగస్టులో ఒక అరెస్టుతో మొదలైన అల్లర్లలో 34 మంది ప్రాణాలు పోయిన పేట అది. అరీతాకు అప్పటికి 29 ఏళ్ళు. 1967లో ‘రెస్పెక్ట్’ పాటతో దేశమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది, ఎంత పెద్ద సభనైనా నింపగల స్థితి ఆమెది. అయినా తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ బోధకుడిగా ఉన్న డెట్రాయిట్ చర్చిలో చిన్ననాడు నేర్చిన భక్తిగీతాల దగ్గరికే, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా, తిరిగి వచ్చింది. ఆ రెండు రాత్రులూ ఆమె మాట్లాడింది బహు తక్కువ. సభను నడిపే మాటలన్నీ పియానో వాయించిన మతబోధకుడు రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌వే. రికార్డు వింటే ఈ మౌనం నీకు తెలియదు. తెరమీద చూస్తే పాటకూ పాటకూ మధ్య తలవంచుకుని, పని మీదే మనసు నిలిపిన మనిషి కనిపిస్తుంది. ఆ చిత్రంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆమెను మాత్రమే చూస్తూ రాశావు, వినేవాళ్ళను చూడలేదు. నల్లవారి చర్చిలో పాట ఒక్కరిది కాదు. ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు, బల్లల మీద కూర్చున్నవాళ్ళు చప్పట్లతో, కేకలతో బదులిస్తారు. బుర్రకథలో వంతలు ఎరిగిన మనకు ఇది ఎవరో వివరించి చెప్పాల్సిన విషయం కాదు. సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వాయర్ గాయకులు వెండిలా మెరిసే వెస్టులు తొడుక్కుని ఆమె వెనుక వంతగా కూర్చున్నారు. ‘అమేజింగ్ గ్రేస్’ పాట రికార్డు మీద పది నిమిషాలు దాటి సాగుతుంది, పాడిన పాదాలు మాత్రం కొద్దే. మన గాయకులు ఒక పాదం మీద సంగతులు వేసుకుంటూ పోయినట్టు, ఆమె ఒక్కొక్క అక్షరాన్ని సాగదీసి, విరిచి, మళ్ళీ కలిపి, అది ఎక్కడ తెగిపోతుందోనని వినేవాళ్ళకు ఊపిరి ఆడకుండా చేసి చివరికి ఒడ్డు చేరుస్తుంది. ఆ పాట మధ్యలో, పేరుమోసిన సంగీతకారుడైన క్లీవ్‌లాండ్ పియానో వదిలి పక్కన కూర్చుని ముఖం కప్పుకుని ఏడుస్తాడు. వంత పాడవలసినవాళ్ళు కుర్చీల్లోంచి లేచిపోతారు. పాట తెలిసినవాళ్ళు, ముందే సాధన చేసి వచ్చినవాళ్ళు ఇలా అయిపోవడం కెమెరా లేకపోతే మనకు ఎలా తెలిసేది? నీ ఏడుపు గురించి రాయకు, క్లీవ్‌లాండ్ ఏడుపు గురించి రాయి.

అదే పాట గురించి మరొక మాట. దాన్ని 1772 ప్రాంతంలో రాసిన ఇంగ్లీషువాడు జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేసి, తర్వాత మతబోధకుడైనవాడు. ఆ ఓడల్లో తెచ్చినవారి సంతతి ఆ పాటను తమదిగా చేసుకుని పాడుతున్నారు. ఈ వాస్తవాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యి. దాని మీద వ్యాఖ్యానం మొదలుపెడితే ఆ బరువు నీ మాటల కింద నలిగిపోతుంది.

సినిమా ఇన్నేళ్ళు ఎందుకు ఆగిందో నువ్వు ‘సాంకేతిక కారణాలు’ అని రెండు ముక్కల్లో తేల్చేశావు. అక్కడ ఆగి వివరంగా రాయవలసింది. దర్శకుడు సిడ్నీ పొలాక్ బృందం అనేక కెమెరాలతో 16 ఎం.ఎం. ఫిల్ము మీద దాదాపు 20 గంటల చిత్రం తీసింది, కానీ షాటు మొదట రెండు పలకలు కలిపి కొట్టే క్లాప్ కొట్టలేదు. క్లాప్ చప్పుడు వినిపించే క్షణమూ, పలకలు కలిసే బొమ్మా ఒకచోట చేరిస్తేనే విడిగా రికార్డు చేసిన శబ్దం బొమ్మతో జతపడుతుంది. ఆ గుర్తు లేని ముక్కల్లో పెదవుల కదలికకూ పాటకూ పొంతన కుదరక సినిమా పెట్టెల్లోనే ఉండిపోయింది. 2007లో నిర్మాత అలన్ ఎలియట్ హక్కులు కొని, డిజిటల్ పద్ధతిలో వాటిని జతచేయించాడు. ప్రదర్శనకు అడ్డుచెబుతూ అరీతాయే కోర్టుకు వెళ్ళింది. 2018 ఆగస్టు 16న ఆమె కన్నుమూసిన తర్వాత, కుటుంబ సభ్యుల సమ్మతితో అది బయటికి వచ్చింది. ఆమె కాదన్నదాన్నే మనం చూస్తున్నామన్న సంగతిని నీ వ్యాసంలో దాచకు. ఆమె మనసులో ఏముందో ఊహించి కూడా రాయకు. నాకు ఆ చిత్రమంటే ప్రాణం, అయినా చూసిన ప్రతిసారీ ఈ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. అది నీ పాఠకుడికీ గుచ్చుకోనివ్వు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. సినిమాను ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడు. ఆ ఫిల్ము ఏళ్ళ తరబడి అలా మూగగానే పడి ఉంది. కలం పట్టుకుని కళ్ళకు కనిపించింది మాత్రమే రాసుకో: ఎవరు లేచారు, ఎవరు తల తిప్పుకున్నారు, కెమెరాలవాళ్ళకు పొలాక్ ఎటు చేయి చూపిస్తున్నాడు, రెండో రాత్రి వెనుక వరుసల్లో ఇంగ్లండ్ రాక్ గాయకుడు మిక్ జాగర్ ఏం చేస్తున్నాడు, చిన్ననాటి నుంచి అరీతా ఆరాధించిన భక్తిగీతాల గాయని క్లారా వార్డ్ ముందు వరుసలో ఎలా కూర్చుంది. ఆ తర్వాతే శబ్దం పెట్టుకుని మళ్ళీ చూడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వ్యాసం కొత్తగా మొదలుపెట్టు. పాతదాంట్లోంచి ఒక్క వాక్యం కూడా తెచ్చుకోకు.

రెండో రాత్రి ఆమె పియానో దగ్గర కూర్చుని పాడుతుండగా తండ్రి లేచి వచ్చి ఆమె ముఖాన చెమట తుడుస్తాడు. అమెరికా అంతా ఎరిగిన గాయని ఆ కాసేపు చెమట పట్టిన కూతురు. పాట ఆగదు. నీ వ్యాసంలో ఆ ఘట్టమే లేదు. ఆ చేయి ముఖం మీదికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎలా ఉన్నాయో చూసి, ముందుగా ఆ ఒక్క పేరా రాసి నాకు పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దవాడు