తమ్మీ, మొత్తం మెసేజ్ ఒక్కసారే పంపకు

తమ్మీ,

ఆఫీసు కంప్యూటర్‌లోని పైథాన్ స్క్రిప్ట్ నుంచి ఆర్డుయినో మీదుగా మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గరి డిస్‌ప్లే బోర్డుకు చిన్న మెసేజ్ బాగానే పోతోంది, ధాన్యం రేట్లన్నీ కలిపి పంపితే సగంలో తెగుతోంది అన్నావు కదా. కేబుల్ మార్చకు. నీ ఆర్డుయినో ఊనో ఆర్3 (చిన్న కంట్రోలర్) లో సీరియల్ బఫర్, అంటే వచ్చిన బైట్లు చదివేదాకా ఆగే చోటు, 64 బైట్లే. 9600 బాడ్ స్పీడు అంటే సెకనుకు 9600 బిట్లు; స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి బైటుకు 10 బిట్లు, సెకనుకు 960 బైట్లు, కాబట్టి నీ స్కెచ్ (ఊనోలో నడిచే ప్రోగ్రాం) ఎక్కడో డిలే(500) అని అర సెకను కూర్చుంటే సెకనులో పదోవంతు గడవకముందే బఫర్ నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చినవి ఎర్రర్ కూడా చూపకుండా పోతాయి.

చాలామంది ఇక్కడ స్క్రిప్టులో స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెడతారు, చాలకపోతే ఇంకా పెంచుతారు. నాకది నచ్చదు. అవతలికి అందిందో లేదో తెలియకుండా ఎంతసేపు ఆగితే ఏం లాభం? 32 బైట్ల ముక్కలు చెయ్యి, ప్రతి ముక్కకు ముందు నంబరు, పొడవు, చివర చెక్‌సమ్ (బైట్లు సరిగ్గా వచ్చాయో లేదో చూసే లెక్క) పెట్టు, ఆర్డుయినో లెక్క చూసుకుని 'కె' అని తిరిగి పంపితేనే తర్వాతిది పంపు, లేదంటే అదే మళ్ళీ. నంబరు ఎందుకంటే, ఆ 'కె' దారిలో పోయిందనుకో, నువ్వు అదే ముక్క మళ్ళీ పంపుతావు; నంబరు చూసి ఆర్డుయినో దాన్ని వదిలెయ్యకపోతే ఒకే ముక్క బోర్డు మీద రెండుసార్లు పడుతుంది. పైసీరియల్‌లో (పైథాన్ నుంచి సీరియల్ పోర్టు వాడే లైబ్రరీ) టైమ్‌అవుట్, అంటే ఎంతసేపు ఆగాలో గడువు, ఇవ్వు, లేకపోతే జవాబు కోసం స్క్రిప్ట్ తెల్లారేదాకా చూస్తూనే ఉంటుంది.

ఇంకోటి, పొడవు లెక్క. పైథాన్‌ను 'ధాన్యం' పొడవు అడిగితే 6 అంటుంది, అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో పోయేది మాత్రం 18 బైట్లు. ముందు ఎన్‌కోడ్ చేసి, ఆ తర్వాతే కొలువు, కొయ్యి. ఊనోలో ర్యామ్ మొత్తం 2 కేబీయే, రేట్లన్నీ అందులో దాచాలనుకోకు, వచ్చింది వచ్చినట్టు బోర్డుకు తోసెయ్యి.

పోర్ట్ తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది, మొదటి మాటలు గల్లంతయ్యేది అందుకే. స్కెచ్‌లో మొదట ఒక్కసారి నడిచే సెటప్ చివర ఊనోయే 'రెడీ' అని పంపేటట్టు రాసి, అది చూశాక మొదలుపెట్టు.

ఆఫీసు నుంచి గేటు దాకా ఊనో పిన్నుల నుంచి నేరుగా వైరు లాగకు, పక్కన మిల్లు మోటార్లున్నాయి. రెండు వైపులా ఆర్ఎస్-485 (దూరానికి సిగ్నల్ పంపే పద్ధతి) మాడ్యూళ్లు, మధ్యలో మెలేసిన జంట వైరు వెయ్యి. తక్కువ స్పీడులో 1200 మీటర్ల దాకా లాగుతుంది. మోటార్లన్నీ నడుస్తున్నప్పుడే టెస్ట్ చెయ్యి, ఎన్ని ముక్కలు మళ్ళీ పంపాల్సి వచ్చిందో స్క్రిప్టులోనే రాసిపెట్టుకుని ఆ లాగ్ నాకు పంపు.