బీటెక్ మానేసి ఫిలాసఫీ చదువుతానంటున్నాడు

ప్రశ్న: మావాడు బీటెక్ సీఎస్ఈ రెండో ఏడు. ట్యూరింగ్ అనే ఆయన పాత వ్యాసం చదివినప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, ఫిలాసఫీ చదువుతానని పట్టుబట్టాడు. అది కూడు పెట్టే చదువేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీవాడి చేతికి మంచి వ్యాసమే దొరికిందండీ. అది 1950 అక్టోబరులో వచ్చింది. అచ్చేసింది ఇంజినీరింగ్ పత్రిక కాదు, ఇంగ్లండులోని ‘మైండ్’ అనే తత్వశాస్త్ర పత్రిక. అప్పటికి అలన్ ట్యూరింగ్‌కు 38 ఏళ్లు, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల మీద పనిచేస్తున్నాడు. యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను ఆయన మార్చి అడిగాడు: టైపు చేసిన జవాబులు మాత్రమే చూసి, అవతలున్నది మనిషో యంత్రమో పట్టుకోగలమా? ఎదురయ్యే తొమ్మిది అభ్యంతరాలను తనే రాసి, ఒక్కోదానికీ బదులిచ్చాడు. ఇవాళ చాట్‌జీపీటీ మీద మనం వాదించుకునే మాటలు చాలావరకు అందులో ఉన్నాయి.

అదే ఏడు జూలైలో అదే పత్రికలో పి.ఎఫ్. స్ట్రాసన్ అనే తత్వవేత్త ఇంకో చిక్కు విప్పాడు. ఫ్రాన్స్‌కు రాజే లేనప్పుడు ‘ఫ్రాన్స్ రాజు జ్ఞాని’ అంటే నిజమా, అబద్ధమా? ఆ ప్రశ్నే తలెత్తదన్నాడు. యంత్రాలకు భాష నేర్పేవాళ్లు ఇప్పటికీ ఇలాంటి వాక్యాలతో కుస్తీ పడుతున్నారు. మీవాడు కంప్యూటర్లకు దూరంగా పోతున్నాడని బెంగపడకండి.

బీటెక్ మాత్రం మానొద్దు. డిగ్రీ లేనిదే ఎంఏలో సీటు రాదు. అయ్యాక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ ఎంఏ ఉంది, ఐఐటీ గాంధీనగర్‌లో కాగ్నిటివ్ సైన్స్ (మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రం) పీజీ ఉంది. రెండోది మీవాడికి బాగా నప్పుతుందని నా నమ్మకం, కోడింగ్ వచ్చినవాడు అక్కడ వృథా కాడు. ఉద్యోగాల సంగతి దాచను. ఎంఏ ఫిలాసఫీకి క్యాంపస్ ప్లేస్‌మెంట్లంటూ పెద్దగా ఉండవు. లెక్చరర్ కావాలంటే నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి, చాలాచోట్ల పీహెచ్‌డీ కూడా అడుగుతారు, పోస్టులూ తక్కువే. అన్నేళ్లు ఇల్లు ఆగగలదా అన్నది అబ్బాయిని కూర్చోబెట్టుకునే మాట్లాడండి.

ఈ సెలవుల్లో ఒక పని చెప్పండి. ట్యూరింగ్ చర్చించిన అభ్యంతరాల్లో పంతొమ్మిదో శతాబ్దపు గణితజ్ఞురాలు అడా లవ్‌లేస్‌ది ఒకటుంది: యంత్రం మనం చెప్పింది చేస్తుందే తప్ప సొంతంగా ఏదీ పుట్టించదని. ముందు ఆమె పక్షాన రెండు పేజీలు, తర్వాత ఎదురుపక్షాన రెండు పేజీలు రాయమనండి. రాసింది మర్నాడు చదువుకుని, నచ్చక తిరగరాయాలనిపిస్తే అతనికి ఈ చదువు పడుతుంది. ఆ పేజీలు నాకు పంపమనండి, ఎక్కడ దరఖాస్తు పెట్టాలో అతనితోనే మాట్లాడతాను.