ఎంటీబీ (లావు టైర్ల మౌంటెన్ సైకిలు) నుంచి రోడ్ బైక్‌కి (సన్న టైర్ల సైకిలుకి) మారాక చేతుల తిమ్మిరి, వరస పంక్చర్లు: ఎందుకు?

పంక్చరైన ట్యూబు విప్పి చూడండి. పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలుంటే తప్పు మేకుది కాదు, తక్కువ గాలిది. ఎంటీబీకి 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. 28 మి.మీ. రోడ్ టైరుకి, 70 కిలోల మనిషికి, ట్యూబుతో అయితే 75-80 కావాలి. తగ్గితే గుంతలో దిగినప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కేస్తుంది. సన్నటి ట్యూబులో గాలి త్వరగా దిగిపోతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి కొట్టాల్సిందే. ప్రెస్టా వాల్వైతే (రోడ్ బైకులకుండే సన్నటి గాలి మూతి) పంక్చర్ షాపు పంపు నేరుగా పట్టదు. ఒత్తిడి చూపే గేజి ఉన్న ఫ్లోర్ పంపు (నేల మీద నిలబెట్టి కొట్టేది) కొనుక్కోండి.

తిమ్మిరికి కారణం బరువంతా అరచేతుల మీద పడటం. సీటు ముక్కు కిందికి వంగితే ఒళ్లు ముందుకి జారుతుంది. ముందు దాన్ని సమం చేయండి. బ్రేక్ హుడ్ల (బ్రేకు లీవర్ల పైనుండే రబ్బరు పిడుల) మీద చేతులు వదులుగా, మోచేతులు కాస్త వంచి పట్టుకోండి. అయినా తగ్గకపోతే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క) వేసి చూడవచ్చు.

బరువు గేరులో తొక్కే అలవాటు మానండి, మోకాళ్లు నొప్పెడతాయి. పెడల్ నిమిషానికి 80-90 చుట్లు తిరిగే గేరు వేయండి. దిగుడులో హ్యాండిల్ కింది వంపు పట్టుకుంటే బ్రేకు గట్టిగా పడుతుంది. వానలో తెల్ల గీతల మీద మాత్రం బ్రేకు వేయకండి, సబ్బు రాసినట్టే.